తెల్లారేసరికి దుక్మ్ నుంచి వచ్చిన సంతకం

మస్కట్‌లో నేను పనిచేసిన ఇండియన్ స్కూలు ఒక్క పిల్లను గానీ పిల్లవాణ్ని గానీ ఎన్నడూ బహిష్కరించలేదు. కావాలంటే రికార్డులు తెరిచి చూసుకోండి. కొందరు పిల్లల తల్లిదండ్రులు మాత్రం సరిగ్గా సంవత్సరం మధ్యలో, తమంతట తామే, ‘వ్యక్తిగత కారణాల వల్ల’ టీసీ ఇప్పించమని అర్జీలు పెట్టుకున్నారు. ఆ అర్జీలన్నీ ఒకే ఇంగ్లీషులో, ఒకే చోట కామాతో ఉంటాయి. వాటిలో తెలుగువాళ్లవన్నీ నేను దగ్గరుండి రాయించినవి.

ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. కొత్తగా టీచరు ఉద్యోగాల్లో చేరుతున్న మీరు నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, చివరిదాకా చదవండి.

నేను గుంటూరు వైపు మనిషిని. సోషల్ టీచరుగా చేరి, చివరికి పెద్ద తరగతుల సూపర్‌వైజర్‌నయ్యాను. సూపర్‌వైజర్ అంటే ఏదో అధికారం అనుకునేరు. ప్రిన్సిపాల్ మేడం చెప్పడానికి మొహమాటపడే మాటలు చెప్పడం, పీటీ సార్ అరిచి వెళ్లాక పిల్లల ముక్కులు తుడవడం, ఇవీ ఆ ఉద్యోగపు బాధ్యతలు. పీటీ సార్ మా క్రమశిక్షణ కమిటీకి పెద్ద. కేరళ మనిషి, మనసు మంచిది. కాకపోతే దర్యాప్తంటే ఆయనకు ప్రాణం. స్టాఫ్ రూమ్‌లో ఎవరి డబ్బాలో పచ్చడి తగ్గినా చెంచాలు పరీక్షించేవాడు.

అలాంటి మనిషికి ఒక ఏడాది పండగలాంటి కేసు దొరికింది.

తొమ్మిదో తరగతి పిల్లలను నిజ్వా కోట చూపించడానికి తీసుకెళ్లాం. తీసుకెళ్లే ముందు ప్రతి ఒక్కరి దగ్గరా తండ్రి సంతకం పెట్టిన కన్సెంట్ స్లిప్ తీసుకోవాలి. స్లిప్పులన్నీ గడువుకు ఒక రోజు ముందే వచ్చేశాయి. మా స్కూలు చరిత్రలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. అక్కడే అనుమానం రావాల్సింది, మాకు గర్వం వచ్చింది. బస్సెక్కిన పావుగంటకే ఒక పిల్లవాడు వాంతులు మొదలెట్టి, నిజ్వా దాకా ఆపకుండా, ఎక్కువ భాగం పీటీ సార్ బూట్ల మీద చేసుకున్నాడు. మర్నాడు ఆ పిల్లవాడి తల్లి స్కూలుకొచ్చి ఆఫీసు కప్పు ఎగిరిపోయేలా అరిచింది. వాడికి బస్సు పడదని వాళ్లు స్లిప్ మీద సంతకమే పెట్టలేదట.

బూట్లు కడిగించుకున్న పీటీ సార్ స్లిప్పులన్నీ బల్ల మీద పరిచాడు. ఇరవై రెండు సంతకాలు. పేర్లు వేరు, ఇళ్లు వేరు. కానీ అన్నిటికీ ఒకే నీలం సిరా, పేరు కింద ఒకే రకం వంకీ తిరిగిన గీత. రెండో పీరియడ్ అయ్యేసరికి నేరస్థురాలు దొరికింది. అడిగిన వెంటనే ఒప్పేసుకుంది. దర్యాప్తు అంత త్వరగా ముగిసిపోయినందుకు పీటీ సార్ కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

జగిత్యాల వైపు అమ్మాయి. సన్నగా, రెండు జడలతో, ఎవరిని చూసినా భయపడని కళ్లతో ఉండేది. తండ్రి దుక్మ్‌లో ఒక కంపెనీలో క్రేన్ ఆపరేటర్. అక్కడి నుంచి మస్కట్ ఆరు గంటల దారి. ఆ దేశంలో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు కాబట్టి, పదిహేను రోజులకోసారి గురువారం డ్యూటీ దిగి వచ్చి, శనివారం మళ్లీ బండెక్కుతాడు. తల్లీ కూతురూ మస్కట్‌లోనే, అల్ హైల్‌లో టైర్ల షాపు పైన, మరో కుటుంబంతో పంచుకున్న ఫ్లాట్‌లో ఉండేవాళ్లు.

“ఎందుకు చేశావమ్మా?” అన్నాను.

“అందరు అడిగిన్రు మేడం. వాళ్ల డాడీలు గూడ సైట్‌లనే ఉంటరు. నా చేతిరాత మంచిగుంటదని...”

“మీ నాన్న సంతకమో?”

“అది నేనే పెడ్త. మూడో క్లాసు సంది.”

ఎంత మామూలుగా చెప్పిందంటే, ఇంట్లో కూరగాయలు తరిగేది తనేనని చెప్పినట్టు చెప్పింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ దేశంలో కుటుంబమంతా తండ్రి వీసా మీదే ఉంటుంది. అందుకని మా ఫారాలన్నీ తండ్రి సంతకమే అడిగేవి. తల్లి రోజూ గేటు దాకా వచ్చినా ఆమె సంతకానికి విలువ లేదు, ఎక్కడో ఎడారిలో క్రేన్ మీద కూర్చున్నాయన సంతకం మాత్రం రేపటికల్లా కావాలి. ఈ ఏర్పాటు తమాషాగా ఉందని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఇంకా తమాషా ఏమిటంటే, ఆ అమ్మాయి తండ్రికి మా స్కూల్లో గొప్ప పేరు. ఏ సర్క్యులర్ పంపినా మర్నాడే సంతకంతో వచ్చేది. ఒకసారి పేరెంట్స్ మీటింగ్‌లో నేనే మైకు పట్టుకుని, “దుక్మ్‌లో పనిచేస్తూ కూడా ఆ తండ్రి చూపించే శ్రద్ధ చూసి మనమంతా నేర్చుకోవాలి” అన్నాను. చప్పట్లు కూడా కొట్టించాను.

అమ్మాయిని వారం రోజులు సస్పెండ్ చేశారు. అది తక్కువని తల్లిదండ్రులు కొందరు గొడవ చేశారు. వాళ్లలో సగం మంది సంతకాలు ఆ పిల్ల చాలా ఏళ్లుగా పెడుతోందని వాళ్లకు తెలియదు పాపం. ప్రిన్సిపాల్ మేడం నన్ను గదిలోకి పిలిచి, తలుపేసి, ఖర్జూరాల పళ్లెం నా వైపు జరిపింది. ఖర్జూరాలు జరిగాయంటే నాకు పని పడిందని అర్థం.

“మనం ఎవరినీ తీసెయ్యం, మీకు తెలుసు కదా. తీసెయ్యాలంటే బోర్డుకు రిపోర్టు రాయాలి, విచారణ జరపాలి, ఎన్ని కాగితాలు! వాళ్లే టీసీ అడిగితే అందరికీ గౌరవం. మీరు తెలుగువారు, నచ్చజెప్పండి.”

నచ్చజెప్పడంలో నాకు మంచి అనుభవం ఉంది. ఆ మధ్యాహ్నమే తల్లికి ఫోన్ చేశాను. గట్టిగా మాట్లాడలేదు. చాలా మెత్తగా మాట్లాడాను, అదే ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. స్కూలు తీసేస్తే పిల్ల పేరు చెడిపోతుందన్నాను. మీరే అడిగి తీసుకుంటే టీసీ మీద ప్రవర్తన ‘మంచిది’ అని రాస్తామన్నాను.

“ఈడ ఇంకో స్కూల్ల తీసుకుంటరా మేడం, నడుమల?” అంది తల్లి.

“ప్రయత్నించండి” అన్నాను. సంవత్సరం మధ్యలో ఎవరూ తీసుకోరని నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలో బోర్డు పరీక్షలకు పేరు నమోదు చేసే గడువు ఇంకో నెలే ఉందనీ తెలుసు. ఆ లిస్టులో పేరెక్కకపోతే పదో తరగతి ఒక ఏడాది వెనక్కి పోతుంది. ఆ ఏడాదిని ఎక్కడ గడపాలో వాళ్లు చూసుకోవాలి.

“మీరెట్ల చెప్తే అట్లనే మేడం. రాసుకుంటమ్, చెప్పున్రి” అంది.

చెప్పాను. అవతల పెన్ను కాగితం మీద కదులుతున్న చప్పుడు వినబడింది. మధ్యలో ఒక చిన్న గొంతు ‘సర్కమ్‌స్టాన్సెస్’కు స్పెల్లింగ్ అడిగింది. ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను. ఆ తల్లికి ఇంగ్లీషు రాదని నాకు తెలుసు. రాస్తున్నది ఎవరో నేను ఆలోచించలేదు. “రేపటికల్లా మీ ఆయన సంతకంతో పంపించండి” అని ఫోన్ పెట్టేసి, డబ్బా తెరిచి పెరుగన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున అసెంబ్లీ కాకముందే అర్జీ వచ్చేసింది, సంతకంతో సహా. దుక్మ్‌లో ఉన్న మనిషి సంతకం తెల్లారేసరికి అల్ హైల్‌కు ఎలా వచ్చిందని నేను అడగలేదు. పీటీ సార్ అడగలేదు. ఆయన ఆ సంతకాన్ని పాత డైరీలోని సంతకంతో పోల్చి చూసి, ‘సరిపోయింది’ అని రాసి కింద పొడి అక్షరాలు పెట్టాడు. పీటీ సార్ శ్రద్ధకు వంక పెట్టలేం. వంకీ తిరిగిన గీతతో సహా సరిపోయింది మరి.

మూడు రోజుల తర్వాత ఆ అమ్మాయి నో డ్యూస్ ఫారం పట్టుకుని తిరుగుతూ నా గదికి వచ్చింది. లైబ్రరీ వాళ్లు, ల్యాబ్ వాళ్లు, బస్సు వాళ్లు సంతకాలు పెట్టారు, నాదొక్కటే మిగిలింది. కూర్చోమన్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, “నాన్న మొన్న వచ్చి వెళ్లినట్టున్నాడు, ఏమన్నాడమ్మా? బాగా తిట్టాడా?” అన్నాను.

“డాడీ రాలే మేడం. వచ్చే గురువారం వస్తడు.”

“మరి అర్జీ మీద సంతకం?”

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, నన్ను ఒక విద్యార్థి అలా చూడడం అదే మొదలు.

“మీరే గదా రేపటికల్ల కావాలన్నరు.”

“నాన్నకు తెలుసా అసలు?”

“అమ్మ చెప్పొద్దన్నది. క్రేన్ మీద ఉంటడు గదా మేడం, మనసు మంచిగ లేకపోతె ఎట్ల అన్నది. టికెట్ తీసినంక చెప్తదట. మేం ఊరికి పోతున్నం.”

నా పెన్ను మూత తీసే ఉంది. దొంగ సంతకాలు పెట్టిందని మేం బడి నుంచి పంపించేస్తున్న పిల్ల చేత, తనను పంపించేసే కాగితాన్ని నేనే రాయించి, దాని మీద దొంగ సంతకం కూడా పెట్టించాను. స్పెల్లింగులు దిద్ది మరీ పెట్టించాను. నన్ను నేను అంతగా అసహ్యించుకున్న రోజు ఇంకోటి లేదు.

ఫారం నా దగ్గరే ఉంచేసుకున్నాను. ఫైల్లో తండ్రి నంబరు చూసి ఫోన్ చేస్తే, పక్కనే కూర్చున్న అమ్మాయి బ్యాగులోంచి మోగింది. ఆరేళ్లుగా తండ్రికనుకుని మా స్కూలు పంపిన మెసేజులన్నీ ఆ ఇంటి ఫోన్‌కే వెళ్తున్నాయి. అసలు నంబరు ఆ పిల్లే చెప్పింది.

అవతల గాలీ ఇంజన్ల మోతా వినిపించాయి. “నా బిడ్డకేమైంది మేడం?” అదే మొదటి మాట.

“ఏం కాలేదండీ, బాగుంది. టీసీకి మీరు అర్జీ పెట్టారు కదా, దాని గురించి...”

“నేనా?” అన్నాడు. ఇంజను ఆపమని పక్కన ఎవరికో అరిచి చెప్పాడు. “నేను వస్తున్న. నేనొచ్చేదాంక ఏం చెయ్యకున్రి” అన్నాడు.

ఆదివారం పొద్దున బడి గేటు తీసేసరికి ఆయన అక్కడున్నాడు. ఫోర్‌మన్ కాళ్లా వేళ్లా పడి ఒక్కరోజు లీవు తెచ్చుకున్నాడట. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, మెడ వెనక ఎండకు కమిలి నల్లగా ఉంది. ప్రిన్సిపాల్ మేడం గదిలో ఆవిడ, పీటీ సార్, నేను ఒక వైపు. ఎదురుగా ఆయన, పక్కన కూతురు. తల్లి రానంది. భయపడి ఫ్లాట్‌లోనే ఉండిపోయింది.

ప్రిన్సిపాల్ మేడం అర్జీ ఆయన ముందు పెట్టి హిందీలో మర్యాదగా చెప్పింది, మీ కోరిక ప్రకారమే అంతా జరుగుతోందని. ఆయన కాగితం ఇటూ అటూ తిప్పి చూశాడు.

“యే మేరా దస్తఖత్ నహీ హై, మేడం.”

పీటీ సార్ కుర్చీలోంచి లేచాడు. “చూశారా! మళ్లీ ఫోర్జరీ! సస్పెన్షన్‌లో ఉండి కూడా!”

“అవును సార్, ఫోర్జరీయే” అన్నాను. “అది సరిపోయిందని రాసి కింద సంతకం పెట్టింది మీరే.”

పీటీ సార్ మెల్లగా కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ మేడం ఖర్జూరాల పళ్లెం వైపు చూసింది గానీ ఎవరి వైపూ జరపలేదు. ఆవిడ చిక్కు నాకు అర్థమైంది. సంతకం నిజమంటే తండ్రి ఎదురుగా కూర్చుని కాదంటున్నాడు. దొంగదంటే అర్జీ చెల్లదు, టీసీ చెల్లదు. ఇక బోర్డుకు రిపోర్టు రాసి, విచారణ జరిపి, తలుపు తెరిచి అందరికీ చెప్పి తీసెయ్యాలి. అంత పని ఎవరు చేస్తారు?

అప్పుడు నేను చెప్పాల్సిన మాట చెప్పాను. “ఆ అర్జీ వాళ్లు పెట్టింది కాదు మేడం. ఫోన్‌లో నేను చెబుతుంటే ఈ పిల్ల రాసింది. రేపటికల్లా సంతకం కావాలన్నది కూడా నేనే. ఇంతకుముందు అర్జీలూ ఇలాగే రాయించాను.”

ఆయన నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

“తప్పు నాది మేడం” అన్నాడు తెలుగులో. “మూడో తరగతిల ఉన్నప్పుడు డైరీల సంతకం లేదని ఎండల నిలబెట్టిన్రంట. ఫోన్ల ఒకటే ఏడుపు. నేను దుక్మ్‌ల ఉండి ఏం జేస్త? నువ్వే పెట్టు బిడ్డా, నా పేరు రాసి కింద గీత గియ్యి అన్న. నేర్పింది నేను. సస్పెండ్ చేస్తె నన్ను చెయ్యున్రి.”

అనువదించి చెప్పాను. తండ్రులను సస్పెండ్ చేసే నిబంధన మాకు లేదని ప్రిన్సిపాల్ మేడం చాలా సీరియస్‌గా చెప్పింది. పీటీ సార్ గోడ మీద టైంటేబుల్‌ను శ్రద్ధగా చదువుతున్నాడు. మూడో తరగతి పిల్లలను డైరీ సంతకాల కోసం ఎండలో నిలబెట్టే పద్ధతి ఎవరిదో మా ముగ్గురికీ తెలుసు.

“పిల్లను ఊరికి పంపకున్రి మేడం” అన్నాడాయన. “ఆడికి పోతె మళ్ల వెనకటి క్లాసుల కూసోవాలె. ఇంట్ల మా అమ్మకు పానం బాగుండది, ఆమెను చూసుకునుడు ఈ పిల్ల మీదనే పడ్తది. ఇగ సదువు ఉండది. నాకు ఎర్కనే.”

కూతురు అప్పటిదాకా ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. ఆ మాట విని తల వంచుకుని ఏడ్చింది.

చివరికి తేలింది ఇది. అర్జీ వెనక్కి. పిల్ల ఇంకో వారం సస్పెన్షన్‌ను బడిలోనే, నా గదిలో కూర్చుని పూర్తి చేయాలి. వాంతుల పిల్లవాడి ఇంటికి వెళ్లి వాళ్ల అమ్మకు క్షమాపణ చెప్పాలి. ఇకముందు తల్లి సంతకం కూడా చెల్లుతుంది. ఈ చివరిది చేర్చమన్నది పీటీ సార్. టైంటేబుల్ వైపు చూస్తూనే అన్నాడు.

హామీ పత్రం టైపు చేసి తండ్రి ముందు పెట్టారు. ఆయన పెన్ను తీసుకుని, కాగితం నిటారుగా పెట్టుకుని, తెలుగులో, ఒత్తులూ గుడులూ అన్నీ సరిగ్గా ఇంటిపేరుతో సహా రాయడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. కింద గీత లేదు. కూతురు మెడ సాచి చూసింది.

“గిదా డాడీ నీ సంతకం?”

“గిదే బిడ్డా” అన్నాడు.

ఆ అమ్మాయి ఆరేళ్లుగా పెడుతున్న సంతకం తను ఊహించుకున్నది. అసలుది అంతవరకూ ఆ పిల్ల చూడనే లేదు.

ఆ మధ్యాహ్నం బస్సులు వెళ్లిపోయాక పాత ఫైళ్లు తీశాను. నేను రాయించిన అర్జీలు వెతికి, ఉన్న నంబర్లకు ఫోన్లు చేశాను. చాలావరకు పనిచేయలేదు. మస్కట్ పక్కనే సీబ్‌లో ఒకావిడ దొరికింది, కడప వైపు ముస్లిం కుటుంబం. “ఏం మేడం, ఇన్నాళ్లకు గుర్తొచ్చినామా? టీసీ మేం అడిగినామా? మీరు చెప్తిరి, మేం రాసిస్తిమి” అని మొదలుపెట్టి అరగంట తిట్టింది. మధ్యలో ఉర్దూలోకి వెళ్లి అక్కడ కూడా తిట్టింది. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. కొడుకు పదో తరగతి మధ్యలో ఆగిపోయి మేనమామ ఏసీ వర్క్‌షాపులో కూర్చుంటున్నాడట. ప్రైవేటుగా పరీక్ష కట్టించవచ్చని చెప్పాను. వారానికి రెండు సాయంత్రాలు మా ఇంటికి వచ్చేవాడు. సోషల్ నేను చెప్పాను. లెక్కలు చెప్పింది పీటీ సార్, ఎవరూ అడగకుండానే వచ్చి. ఒకసారి తప్పి, రెండోసారి పాసయ్యాడు. దొరకని వాళ్ల సంగతి నాకు ఈ రోజుకీ తెలియదు. దానికి నేనేం సమాధానం చెప్పినా మీరు నమ్మకండి.

నెల చివర బోర్డు నమోదు ఫారాలు వచ్చాయి. పిల్లలంతా లైన్లో వచ్చి, నల్ల సిరాతో గడిలో ఎవరి సంతకం వాళ్లు నా బల్ల దగ్గర పెట్టాలి. ఎవరిది వాళ్లే పెడుతున్నారా లేదా చూడడానికి పీటీ సార్ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నాడు. ఆ అమ్మాయి వంతు వచ్చింది. లిస్టులో తన పేరు ఒకటికి రెండుసార్లు చూసుకుంది. పెన్ను గడి మీద పెట్టి ఆగిపోయింది.

“ఏంటమ్మా? పెట్టు.”

“నాకు లేదు మేడం.”

“ఏది లేదు?”

“నా సంతకం. ఎన్నడు పెట్టలే. ఎట్ల పెట్టాలె?”

వెనక లైన్లో పిల్లలు కిసుక్కుమన్నారు. పీటీ సార్ కుర్చీలోంచి లేచి ఒక తెల్లకాగితం ఆ పిల్ల ముందు పెట్టి, “ముందు దీని మీద రాసి చూసుకో. తొందరేం లేదు” అన్నాడు. ఆ అమ్మాయి నాలుగైదు రకాలుగా రాసి, కొట్టేసి, చివరికి ఏ వంకీ లేకుండా పేరు మొత్తం ఒక్కో అక్షరం నిదానంగా ఆ గడిలో రాసింది. రాయడం పూర్తయ్యేదాకా పీటీ సార్ చెయ్యి అడ్డం పెట్టి, వెనకనున్న పిల్లలను ముందుకు రానివ్వలేదు.